పక్కన ఉండి రాసిన కథలు: కిమ్ జుంగ్‌మి బాలసాహిత్యంలో పేదవాడ

ప్రస్తావన

పేదరికం మీద వచ్చిన పిల్లల పుస్తకం చేతికందినప్పుడు విమర్శకుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ కథ చెబుతున్న మనిషి ఎక్కడ నిలబడి చెబుతున్నారు? వాడ మొదట్లో రోడ్డు మీద ఆగి లోపలికి తొంగిచూస్తున్నారా, లేక గడప లోపల కూర్చుని మాట్లాడుతున్నారా? రోడ్డు మీద నుంచి చూసేవారికి చిరిగిన చొక్కా కనిపిస్తుంది, కారుతున్న కప్పు కనిపిస్తుంది. గడప లోపలివారికి ఆ చొక్కాను నిన్న రాత్రి ఎవరు కుట్టారో, కప్పు కింద గిన్నె పెట్టే వంతు ఈ రోజు ఎవరిదో తెలుస్తుంది. రెండూ నిజాలే. అయితే రెండు చోట్ల నుంచీ ఒకే రకం కథ పుట్టదు.

దక్షిణ కొరియా బాలసాహిత్య రచయిత్రి కిమ్ జుంగ్‌మి రచనలను ఈ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు మూడు పుస్తకాలను ప్రధానంగా తీసుకున్నాను. మొదటిది 2000లో వచ్చిన ‘గ్వెంగీబురిమల్ పిల్లలు’. రెండవది 2002లో వచ్చిన ‘కాగితపు అన్నం’. మూడవది 2021లో వచ్చిన నవల. దాని పేరును తెలుగులో ‘పక్కన ఉండటం అంటే’ అనవచ్చు. ఆమె పేదవాడలో కాపురముండి రాశారన్న సంగతిని సాధారణంగా రచయిత పరిచయంలో ఒక వాక్యంగా చెప్పి వదిలేస్తారు. ఆ కాపురమే ఆమె కథల అల్లికను, పాత్రల పొందికను, ముగింపులను నిర్ణయించిందని ఇక్కడ నిరూపించదలచాను.

తెలుగువారికి కొరియా ఇవాళ దూరదేశం కాదు. పెనుకొండ దగ్గరి కియా కార్ల కర్మాగారంలో ఉత్పత్తి 2019లో మొదలైంది. కొరియా సీరియళ్లు, పాటలు మన ఇళ్లలోకి వచ్చి కూర్చున్నాయి. ఆ మెరుపు వెనక రేవుల్లో, నూలు మిల్లుల్లో అరిగిపోయిన తరాలున్నాయి. వారి పిల్లల కథ తెలుసుకోకపోతే మనకు తెలిసిన కొరియా సగమే.

పిల్లి పేరున్న వాడ

ఇంచియాన్ నగరం సియోల్‌కు పడమర దిక్కున, పసుపు సముద్రం ఒడ్డున ఉంది. 1883లో ఆ రేవును విదేశీ వ్యాపారానికి తెరిచారు. రేవు చుట్టూ మంచి స్థలాలు విదేశీయుల చేతుల్లోకి పోయాయి. అక్కడున్న కొరియన్లు పక్కకు జరగవలసి వచ్చింది. వాళ్లు చేరిన చోట్లలో ఒకటి మాన్సొక్-దోంగ్. ‘దోంగ్’ అంటే పేట. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే బురద నేలను పూడ్చి చేసిన పేట అది. అందులో ఒక మూలకు గ్వెంగీబురిమల్ అని పాత పేరు. ‘గ్వెంగీ’ అంటే పిల్లి, ‘మల్’ అంటే ఊరు.

ఆ నేల మీదికి మనుషులు పొరలు పొరలుగా వచ్చి చేరారు. జపాన్ పాలనలో ఫ్యాక్టరీలు లేచాయి, కూలీలు వచ్చారు. 1950లో యుద్ధం మొదలయ్యాక ఉత్తరాన హ్వాంగ్హే ప్రాంతం నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవారు అక్కడే చెక్కలు, రేకులు కట్టుకుని నిలిచిపోయారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో సేద్యం గిట్టక పల్లెలు వదిలినవారు వచ్చారు. మగవాళ్లు రేవులో, దుంగల అడితుల్లో పనిచేశారు. ఆడవాళ్లు చలికాలంలో ఆల్చిప్పలు ఒలిచి ఇల్లు గడిపారు. ఇలా ఒకరి మీద ఒకరుగా చేరినవారంతా ఎక్కడో ఒకచోట నేల పోగొట్టుకున్నవారే.

కొరియా సాహిత్యంలో ఈ నేలకు చోటు ముందే ఉంది. కాంగ్ క్యంగే 1934లో పత్రికలో ధారావాహికగా రాసిన ‘మానవ సమస్య’ నవలలో పల్లె పిల్ల ఇంచియాన్ నూలు మిల్లులో కూలిగా చేరుతుంది. ఆ మిల్లుకు ఆధారం మాన్సొక్ పేటలో జపాన్ కంపెనీ పెట్టిన నూలు మిల్లు. 1938లో హ్యన్ దొక్ రాసిన ‘తాబేలు’ కథలో నోమా అనే చిన్న పిల్లవాడు ఇంచియాన్ రేవు దగ్గరి పేదవాడలో, జబ్బుపడ్డ తండ్రి పక్కన కూర్చుని లోకాన్ని చూస్తాడు. హ్యన్ దొక్ యుద్ధకాలంలో ఉత్తరానికి వెళ్లిపోవడంతో 1988 వరకు దక్షిణ కొరియాలో ఆయన రచనలకు నిషేధం ఉండేది. 1978లో చో సెహీ ‘మరుగుజ్జు ఎగరేసిన చిన్న బంతి’ వచ్చింది. అందులో ఉంగాంగ్ అనే ఊహానగరం ఉంది. ఇంచియాన్‌ను చూసే ఆయన దాన్ని కట్టారు.

అదే 1978 ఫిబ్రవరిలో, దోంగిల్ నూలు మిల్లుగా పేరు మారిన ఆ మాన్సొక్ పేట మిల్లులోనే, యూనియన్ ఎన్నికలకు వచ్చిన ఆడకూలీల మీద మలం చల్లారు. తర్వాత 124 మందిని పనిలోంచి తీసేశారు. ఆ యూనియన్‌కు 1972లోనే ఒక స్త్రీ నాయకురాలిగా ఎన్నికైంది. కొరియా కార్మికోద్యమ చరిత్రలో అది మొదటిసారి.

కిమ్ జుంగ్‌మి రాయడానికి ముందే ఆ నేలకు ఇంత చరిత్ర ఉంది. ఆ చరిత్ర అక్కడి పిల్లలకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ‘గ్వెంగీబురిమల్ పిల్లలు’ నవల ఏ పిల్లవాడితోనూ మొదలుకాదు. ఆ నేల ఎలా పుట్టిందో, ఎవరెవరు ఎప్పుడు ఎందుకు వచ్చారో చెప్పి, ఆ తర్వాతే ఒక ఇంటి తలుపు తీస్తుంది. పిల్లల నవలకు ఇది అసాధారణమైన ఎత్తుగడ. నువ్వు పేదవాడివి కావడం నీ తప్పు కాదు, మీ నాన్న తప్పు కూడా కాదు, దాని వెనక ఒక చరిత్ర ఉంది అని తొలి పుటల్లోనే రచయిత్రి పిల్లల చెవిన వేస్తున్నారు.

ముందు నడిచినవారు

కొరియా బాలసాహిత్యానికి పునాది వేసినవారిలో బాంగ్ జంగ్‌హ్వాన్ ముఖ్యుడు. 1923లో ‘ఒరిని’ అనే పిల్లల పత్రికను ప్రారంభించాడు. పిల్లలను మనుషులుగా గౌరవించాలన్నది ఆయన పోరు. అయితే ఆ తర్వాత వచ్చిన రచనల్లో చాలా భాగం బాల్యాన్ని దేవతల తోటగా చిత్రించాయి. ఈ ధోరణిని నిలదీసినవాడు బడిపంతులు, విమర్శకుడు యీ ఓదొక్. పల్లె బడుల్లో తన దగ్గర చదివిన పిల్లల చేత వాళ్ల మాటల్లోనే రాయించి, 1978లో ‘పనిచేసే పిల్లలు’ అన్న సంకలనం తెచ్చారు. పొలంలో పనిచేసే పిల్లవాడికి తోటలో ఆడుకునే పిల్లవాడి పాట ఇవ్వడం అబద్ధమన్నది ఆయన వాదం.

యీ ఓదొక్ వెలుగులోకి తెచ్చిన రచయిత క్వన్ జోంగ్‌సేంగ్. 1937లో టోక్యోలో వలస కూలీల ఇంట పుట్టి, రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో కొరియాకు వచ్చారు. క్షయతో జీవితమంతా పోరాడారు. ఆందోంగ్ దగ్గర పల్లెలో చర్చి గంట కొడుతూ బతికారు. 1969లో ఆయన రాసిన ‘కుక్కపిల్ల పెంట’ అందరూ అసహ్యించుకునే వస్తువు ఒక పువ్వుకు ఎరువు కావడం గురించిన కథ. 1984 నాటి ‘మోంగ్సిల్ అక్క’లో కాలు కుంటిదైన చిన్నపిల్ల కొరియా యుద్ధకాలంలో సవతి చెల్లిని వీపున మోసుకుని బతికిస్తుంది. పుస్తకాల మీద డబ్బు వచ్చాక కూడా ఆయన మట్టి ఇల్లు వదలలేదు. 2007లో కన్నుమూసే ముందు తన రచనల ఆదాయమంతా పిల్లలకు చెందాలని రాసి పెట్టారు.

కిమ్ జుంగ్‌మి ఈ దారిలో నడిచినవారే. తేడా ఒక్కటి. క్వన్ పేదరికం పల్లెది, యుద్ధానిది. కిమ్‌ది నగరపు పేదరికం. దేశం బాగుపడిందని అందరూ అంటున్న రోజుల్లో మిగిలిపోయిన పేదరికం అది. మొదటిదాన్ని పాఠకుడు గతం అనుకుని కన్నీరు పెట్టుకోగలడు. రెండవది రైలు దిగి పది నిమిషాలు నడిస్తే ఎదురయ్యేది.

వాడలో కాపురం

కిమ్ జుంగ్‌మి 1963లో ఇంచియాన్‌లో పుట్టారు. బాల్యంలో కొంతకాలం సియోల్‌కు ఉత్తరాన ఉన్న దోంగ్దుచన్‌లో గడిపారు. అమెరికా సైనిక శిబిరం చుట్టూ బతికే ఊరు అది. ఆ జ్ఞాపకాలతో 2006లో ‘మహా మూలం’ అన్న నవల రాశారు. 1987లో మాన్సొక్ పేటకు వచ్చి కాపురం పెట్టారు. అక్కడే ‘రైలుపట్టా పక్క చదువుగది’ అన్న పేరుతో పిల్లలకు ఒక చోటు ఏర్పడింది. అదే తర్వాత ‘రైలుపట్టా పక్క చిన్నబడి’ అయింది. 2001లో ఆమె గాంగ్వా దీవిలోని పల్లెకు మారారు. మాన్సొక్ పేట పిల్లలతో పని మాత్రం ఆపలేదు.

‘చదువుగది’ అన్న మాటకు కొరియాలో ప్రత్యేకమైన అర్థముంది. 1980లలో పేదవాడల్లో తల్లిదండ్రులిద్దరూ పనికి పోతే పిల్లలు వీధిపాలు కాకుండా యువకులు, చర్చి కార్యకర్తలు, విద్యార్థులు చిన్న అద్దె గదుల్లో ఇలాంటివి నడిపారు. అక్కడ చదువు ఒక సాకు, అసలు పని అన్నం పెట్టడం, మాట వినడం, చీకటి పడ్డాక ఇంటికి దిగబెట్టడం. 2004లో చట్టం ఇలాంటి చోట్లను ప్రాంతీయ బాలల కేంద్రాలుగా గుర్తించింది.

కిమ్ జుంగ్‌మి వాడకు వచ్చింది 1987లో. ‘గ్వెంగీబురిమల్ పిల్లలు’ పుస్తకంగా వచ్చింది 2000లో. మధ్య 13 ఏళ్లు ఉన్నాయి. కథా వస్తువు కోసం వాడకు వెళ్లినవారు అన్నేళ్లు ఆగరు. ఆమె ముందు ఆ వాడ మనిషయ్యారు, తర్వాత రాశారు. ఆ రాతప్రతికి చాంగ్బి ప్రచురణ సంస్థ ఉత్తమ బాలల పుస్తక పోటీలో ప్రథమ బహుమతి వచ్చింది.

నవల వచ్చిన కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 1996లో కొరియా సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలో చేరింది. మరుసటి ఏడాది డిసెంబరులో అప్పు కోసం అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర సంతకం పెట్టింది. కంపెనీలు మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయిన తండ్రులు ఇల్లు వదిలారు, కుటుంబాలు చెదిరాయి. ఎప్పటి నుంచో పేదవాడలో ఉన్నవారి బతుకు ఒక్కసారిగా మధ్యతరగతికి తన రేపటి బతుకులా కనిపించింది. ఈ నవలను దేశం అంత గాఢంగా చదువుకోవడానికి ఇది ఒక కారణం.

ఒక్క నాయకుడు లేని కథ

‘గ్వెంగీబురిమల్ పిల్లలు’ కథ ఎవరిది? సుక్జా, సుక్హీ అన్న కవల అక్కచెల్లెళ్లదా? తండ్రి తాగుడు, అప్పులు భరించలేక తల్లి వెళ్లిపోతే సుక్జా ఇంటి పొయ్యి బాధ్యత తీసుకుంటుంది. దోంగ్సు, దోంగ్జున్ అన్నదమ్ములదా? వాళ్లను అమ్మా వదిలింది, నాన్నా వదిలాడు. పెద్దవాడు దోంగ్సు, అతని స్నేహితుడు మ్యంగ్‌హ్వాన్ జిగురు వాసన పీల్చి ఆ మత్తులో బతుకుతుంటారు. తల్లి జబ్బుతో చనిపోయి ఒంటరిగా మిగిలిన యువకుడు యంగ్‌హోదా? ఆ వాడలోనే పెరిగి, బయటపడి, మళ్లీ ఆ వాడ బడికే ఉపాధ్యాయినిగా వచ్చిన మ్యంగ్‌హీదా?

అందరిదీ. కథనం ఒకరి భుజం మీద నుంచి మరొకరి భుజం మీదికి మారుతూ పోతుంది. ఒకరికి అన్నం దొరికిన రోజు మరొకరికి దెబ్బ తగులుతుంది.

దయతో రాసిన పేదరికపు కథలకు ఒక అలవాటైన అచ్చు ఉంది. తెలివైన పేద పిల్లవాడొకడు, అతని తెలివి గుర్తించిన పెద్దమనిషొకరు, కష్టాల తర్వాత అతని గెలుపు. ఈ అచ్చులో మిగతా వాడంతా వెనక తెరలా మిగిలిపోతుంది. గెలిచినవాడు ఒక్కడు, వాడ అలాగే ఉంటుంది. పైగా గెలవనివారంతా గెలవడానికి తగనివారన్న అర్థం కూడా అందులో దాగి ఉంటుంది. చదువుగదిలో రోజూ ఇరవై ముఖాలు చూసే మనిషి వారిలో ఒక్కరిని ఎంచి నాయకుణ్ని చేయలేరు. మిగిలిన పంతొమ్మిది మంది ఆ పుస్తకం చదువుతారు కదా.

ముగింపు కూడా అలాగే కుదురుగా ఉంది. దోంగ్సు పెద్ద చదువులు చదివి అధికారి కాడు. ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటూ రాత్రి బడిలో చేరతాడు. మ్యంగ్‌హ్వాన్ రొట్టెలు చేసే పని నేర్చుకుంటాడు. సుక్జా తల్లి తిరిగి వస్తుంది, తండ్రి మాత్రం పనిచేసే చోట ప్రమాదంలో పోతాడు. ఒకచోట పూడిన గుంట మరోచోట తవ్వుకుంటుంది. కూలి బతుకు ఓటమి కాదని, నలుగురి మధ్య గౌరవంగా చేసుకునే పని కూడా మంచి ముగింపేనని ఈ నవల చెబుతుంది. చదివి పైకి వెళ్లడమే బతుకని నమ్మే సమాజానికి ఈ మాట అంత తేలిగ్గా మింగుడుపడదు.

తినే నోళ్లు

కొరియన్ భాషలో ఇంటివాళ్లను ‘సిక్కు’ అంటారు. చైనా లిపి మూలాన్ని విడదీస్తే ‘తినే నోరు’ అని అర్థం. మనం కూడా ‘ఇంట్లో ఎన్ని నోళ్లు’ అని అడుగుతాం. కిమ్ కథల్లో కుటుంబానికి ఇదే కొలత. రక్తసంబంధం తెగిన చోట అన్నం సంబంధం కలుస్తుంది. యంగ్‌హో అన్నదమ్ములను ఇంటికి తెచ్చుకుంటాడు, మ్యంగ్‌హ్వాన్‌ను తెచ్చుకుంటాడు, తర్వాత హోయోంగ్ అన్న చిన్నవాణ్ని కూడా. సుక్జా వచ్చి వంటలో సాయం చేస్తుంది. ఎవరూ ఎవరినీ దత్తత తీసుకోరు, ప్రమాణాలు చేయరు. కలిసి తింటారు, అంతే. కొంతకాలానికి వాళ్లు ఒక ఇల్లు.

పిల్లలు యంగ్‌హోను ‘సమ్చొన్’ అని పిలుస్తారు. అది తండ్రి తమ్ముణ్ని పిలిచే పిలుపు. తెలుగులో ‘బాబాయి’ అంటే సరిగ్గా సరిపోతుంది. మాన్సొక్ పేట చదువుగదిలో కూడా పెద్దవాళ్లను పిల్లలు ఇలాగే పిలుస్తారు. కిమ్ జుంగ్‌మిని ‘ఖున్ ఇమో’ అంటారు, అంటే తల్లికి అక్క, మన ‘పెద్దమ్మ’. ఈ పిలుపుల్లో దాతకూ గ్రహీతకూ చోటు లేదు. బాబాయి కోప్పడవచ్చు, పెద్దమ్మ మీద అలగవచ్చు. దాత మీద అలగడం కుదరదు.

‘కాగితపు అన్నం’లో ఇదే సంగతి ఇంకా చిన్న గదిలో జరుగుతుంది. అమ్మానాన్నలు లేని చొల్, అతని చెల్లి సోంగ్ అవ్వాతాతల దగ్గర పెరుగుతారు. పెద్దలు పనికి పోయినప్పుడు గదిలో ఒంటరిగా మిగిలే సోంగ్‌కు కాగితం నమిలే అలవాటు పట్టింది. సాకలేని స్థితిలో అవ్వ ఆ పిల్లను బౌద్ధ ఆలయానికి అప్పగించాలనుకుంటుంది. కథంతా ఆ నిర్ణయం చుట్టూ, అది తెలిసిన అన్న మౌనం చుట్టూ తిరుగుతుంది.

ఆ కాగితం గురించి రచయిత్రి ఎక్కడా ఉపన్యాసం ఇవ్వరు. ఆకలే కాదు, తలుపు వేసిన గదిలో గంటలు గడపవలసిన ఒంటరితనం కూడా ఆ పిల్ల నోట్లో నలుగుతోందని పాఠకుడికే అర్థమవుతుంది. అవ్వను దుర్మార్గురాలిగా కూడా చూపరు. ప్రేమ ఉండి కూడా ఒక నోటిని తగ్గించుకోక తప్పని లెక్క పేద ఇళ్లలో ఎలా వస్తుందో చూపుతారు. చివరికి సోంగ్ ఇంటికి తిరిగి వస్తుంది. లెక్క మారలేదు, అన్నం పెరగలేదు. అయినా ఆ నోరు ఆ ఇంటిదే అని అవ్వ తేల్చుకుంది.

వెళ్లిపోవడం, తిరిగి రావడం

ఉపాధ్యాయిని మ్యంగ్‌హీ పాత్ర ఈ పరిశీలనకు చాలా ముఖ్యమైనది. ఆమె గ్వెంగీబురిమల్ నుంచి బయటపడిన పిల్ల. అలవాటైన కథలో ఆమే విజేత, కథ అక్కడితో అయిపోవాలి. కిమ్ జుంగ్‌మి తన కథను అక్కడ మొదలుపెట్టారు. ఆ బడికి బదిలీ కావడం మ్యంగ్‌హీకి ఇష్టం లేదు. తన చిన్ననాటి సహాధ్యాయి యంగ్‌హో వచ్చి దోంగ్సుతో మాట్లాడమని అడిగితే మొదట వెనకాడుతుంది. వదిలించుకుని వచ్చిన వాడ మళ్లీ కొంగు పట్టుకుంటోందన్న భయం ఆమెది.

రచయిత్రి ఆ భయాన్ని నిందించరు. బయటపడటానికి ఎంత ఖర్చుపెట్టారో తెలిసినవారే ఆ భయాన్ని అంత ఓపికగా రాయగలరు. మ్యంగ్‌హీ మార్పు ఒక్క రోజులో రాదు. సుక్జా ఆమెకు ఏదో నేర్పాలని చూడదు, ఊరకే ఆమెను ఇష్టపడుతుంది. పిల్ల చూపిన ఇష్టం ముందు పెద్దమనిషి కట్టుకున్న గోడ కొంచెం కొంచెంగా కూలుతుంది. చివరికి ఆమె ఆ వాడలోనే ఉండటానికి తిరిగి వస్తుంది. రక్షించడానికి కాదు, ఉండటానికి. ఇరుగుపొరుగుగా ఉన్నవారి మధ్య సాయం వంతుల వారీగా జరుగుతుంది, ఈ రోజు నాది, రేపు నీది. బయటి నుంచి వచ్చే సాయం పని అయ్యాక వెళ్లిపోతుంది.

పేదరికం ప్రదర్శన అయినప్పుడు

2001 చివర ఎంబీసీ టెలివిజన్‌లో ‘నుక్కిమ్ ప్యో’ అనే కార్యక్రమం దేశమంతా పుస్తకాలు చదవాలని ప్రచారం మొదలుపెట్టి, తొలి పుస్తకంగా ‘గ్వెంగీబురిమల్ పిల్లలు’ను ఎంచింది. పుస్తకం లక్షల ప్రతులు పోయింది. ఆ ప్రచారంలో కూడిన సొమ్ముతో పిల్లల కోసం ‘అద్భుత గ్రంథాలయాలు’ కట్టారు. వాటిలో మొదటిది 2003లో సున్‌చన్ నగరంలో తెరుచుకుంది. ఇదే కార్యక్రమం తర్వాత క్వన్ జోంగ్‌సేంగ్ వ్యాసాల పుస్తకాన్ని ఎంచితే ఆయన ఒప్పుకోలేదు. తమ పుస్తకాన్ని తామే వెతుక్కునే ఆనందం పిల్లలకు మిగలాలన్నారు. రెండూ గౌరవించదగినవే. మొదటిది గ్రంథాలయాలు ఇచ్చింది, రెండవది మంచి పని కూడా ప్రదర్శనగా మారవచ్చన్న హెచ్చరిక ఇచ్చింది.

ఆ హెచ్చరిక ఎంత అవసరమో 2015లో తేలింది. గ్వెంగీబురి వాడలో ‘పాత జీవిత అనుభవ గృహం’ పెట్టాలని స్థానిక ప్రభుత్వం తలపెట్టింది. బయటి నుంచి పిల్లలతో వచ్చిన కుటుంబాలు 10,000 వన్‌లు కట్టి ఒక రాత్రి అక్కడ పడుకుని పాతకాలపు పేదరికం ఎలా ఉండేదో చూడవచ్చన్నది పథకం. పక్క గదుల్లో ఆ బతుకు బతుకుతున్నవారు ఇంకా ఉన్నారు. మమ్మల్ని జంతుప్రదర్శనశాల చేస్తారా అని వాడ మండిపడింది. సంతకాలు పెట్టి అభ్యంతరం చెప్పింది. ఆ ఏడాది జులైలో స్థానిక మండలి ఆ ప్రతిపాదనను తిరస్కరించింది.

ఈ వ్యాసం మొదట్లో వేసిన ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. ఒక రాత్రి పడుకుని పోవడానికీ, 13 ఏళ్లు ఉండి రాయడానికీ మధ్య ఉన్నదంతా ఇక్కడ బయటపడింది.

2021 నవల ‘పక్కన ఉండటం అంటే’లో కిమ్ జుంగ్‌మి ఈ ఘటనను కథలోకి తెచ్చారు. కథాస్థలానికి ఆమె పెట్టిన పేరు ఉంగాంగ్. చో సెహీ 1978లో కట్టిన ఊహానగరం పేరునే తీసుకుని, ఆ నగరంలో ఇప్పుడు పెరుగుతున్న ముగ్గురు అమ్మాయిల కథ చెప్పారు. జియు, కాంగ్, యౌల్ బడి చివరి ఏడాదిలో ఉన్నారు. నూలు మిల్లు ఆడకూలీల పోరాటం వారి ఇళ్ల జ్ఞాపకంలో ఉంది. వాడను ప్రదర్శనగా మార్చాలన్న పథకం వచ్చినప్పుడు అడ్డుకోవాలని పూనుకున్నవారిలో ఆ పిల్లలే ఉన్నారు. 2000 నాటి పిల్లలు తమకు ఒక పెద్ద తోడు కావాలని చూశారు. 2021 నాటి పిల్లలు తమ వాడ చరిత్రను తామే చదివి, తామే మాట్లాడుతున్నారు. ఆ ఎదుగుదల పాత్రలది మాత్రమే కాదు, రచయిత్రిది కూడా.

ఒక విమర్శ

కిమ్ జుంగ్‌మి తొలి నవల మీద ఒక అభ్యంతరం న్యాయంగానే లేవనెత్తవచ్చు. యంగ్‌హో మరీ మంచివాడు. ప్రభుత్వం చేయవలసిన పనిని ఒక కూలి యువకుడి మంచితనం మోస్తుంటే, చదివినవారు అలాంటి మంచివాళ్లు ఉంటే చాలునని తృప్తిపడే ప్రమాదముంది. ఆర్థిక సంక్షోభంలో దేశమంతా ఆ పుస్తకం చదివి కన్నీరు పెట్టుకున్నది నిజం. ఆ కన్నీటిలో ఎంత భాగం బాధ్యతగా మారిందన్నది వేరే ప్రశ్న.

ఈ అభ్యంతరానికి నవలలోనే కొంత జవాబు ఉంది. మొదటి పుటల్లో చెప్పిన నేల చరిత్ర ఆ మంచితనానికి పక్కనే నిలబడి, ఈ పిల్లలు ఇలా ఎందుకు మిగిలారని అడుగుతూనే ఉంటుంది. సుక్జా తండ్రి మరణం ఏ దురదృష్టం వల్లనో కాక, పని చోట రక్షణ లేకపోవడం వల్ల జరిగింది. మిగిలిన జవాబు రచయిత్రి రెండు దశాబ్దాల తర్వాత ఇచ్చారు. నూలు మిల్లును, తొలగించిన కూలీలను, ప్రదర్శన పథకాన్ని కథలోకి తెచ్చిన 2021 నవల ఒక ఇంటి మంచితనాన్ని ఒక వాడ ఐక్యతగా మార్చింది. అందుకే ఈ రెండు పుస్తకాలను విడివిడిగా కాక ఒకే దీర్ఘ రచనలోని రెండు భాగాలుగా చదవాలని నా ప్రతిపాదన.

ముగింపు

ఈ పరిశీలనలో తేలినవి మూడు. ఒకటి, కిమ్ జుంగ్‌మి కథల్లో ఒక్క నాయకుడు లేకపోవడం, అందరి మీదుగా కథ సాగడం ఆమె వాడ జీవితం ఇచ్చిన శిల్పం. రెండు, కుటుంబాన్ని రక్తంతో కాక అన్నంతో కొలవడం ఆమె పాత్రలకు దయ అక్కర్లేని గౌరవాన్ని ఇచ్చింది. మూడు, బయటపడటాన్ని విజయంగా చూపే అలవాటును వదిలి, తిరిగి రావడాన్ని, ఉండిపోవడాన్ని ఆమె విలువగా నిలబెట్టారు. ఈ మూడింటికీ మూలం ఆమె ఎక్కడ నిలబడి చూశారన్నదే.

తెలుగు అనువాదకులకు ఒక విన్నపం. కొరియన్ భాష నేర్చుకుంటున్న తెలుగు యువతీయువకులు ఇవాళ చాలామంది ఉన్నారు. ఈ పుస్తకాలను ఇంగ్లీషు మీదుగా కాక కొరియన్ నుంచి నేరుగా తెలుగులోకి తీసుకురండి. ‘సమ్చొన్’ ఇంగ్లీషు గుండా వస్తే ఎవరో ఒక అంకుల్ అవుతాడు. మన భాషలోకి నేరుగా వస్తే బాబాయి అవుతాడు. ‘ఖున్ ఇమో’ ఆంటీ కాకుండా పెద్దమ్మ అవుతుంది. అన్నం పెట్టే బాబాయి, అలిగితే బుజ్జగించే పెద్దమ్మ ఎవరో తెలుగు పిల్లలకు ఎవరూ వివరించనక్కర్లేదు.

పేద పిల్లల గురించి రాయాలనుకునే రచయితలకు మరొక మాట. రాయడానికి ముందు వాళ్ల పక్కన ఎంతకాలం కూర్చున్నామో లెక్క చూసుకుందాం. కిమ్ జుంగ్‌మి 13 ఏళ్లు కూర్చున్నారు.